మరిగిస్తే మిగిలేదేమిటి?

"పొయ్యి మీద కాచేస్తారంటున్నావుగా, ఇంక అందులో మత్తేం మిగులుతుందే? కషాయమేగా!"

మా అక్క ఫోనులో కూతురితో అన్న మాట ఇది. నా మేనకోడలు డ్రెస్డెన్‌లో చదువుకుంటోంది. ఒక డిసెంబరు సాయంత్రం క్రిస్మస్ సంత మధ్యలో నిలబడి, పొగలు కక్కుతున్న కప్పును కెమెరా ముందు పెట్టింది. లోపల ముదురెరుపు ద్రవం, పైన తేలుతున్న నారింజ ముక్క. "వైనేనమ్మా, వేడి వైన్. గ్లూవైన్ అంటారిక్కడ" అంది. అక్క ఒక్క క్షణం కంగారుపడి, వెంటనే పై మాట అని తనకు తానే ధైర్యం చెప్పుకుంది. పిల్ల ఊరుకోలేదు. ఫోను నాకిమ్మంది. "నువ్వు చెప్పు మావయ్యా, కాస్తే ఆల్కహాల్ పోతుందా, పోదా?"

ఈ అనుమానం మా అక్క ఒక్కదానిదే కాదు. బడిలో చదివింది కాస్త గుర్తున్నవాళ్ళకు ఇది ఇంకా గట్టిగా ఉంటుంది. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీళ్ళు 100 డిగ్రీల దగ్గర. మరి 80 దాకా కాచిన వైన్‌లో ఆల్కహాల్ ఎక్కడుంటుంది? లెక్క సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ జవాబు తప్పు. ఎందుకు తప్పో పట్టుకుంటే ఆ వైన్ ఎలా కాచాలో, కప్పు చేతికొచ్చాక ఎలా తాగాలో కూడా తెలిసిపోతుంది.

కణకణలాడే వైన్

జర్మన్‌లో 'గ్లూయెన్' అంటే నిప్పులా ఎర్రగా కణకణలాడడం. ఒకప్పుడు ఎర్రగా కాల్చిన ఇనప చువ్వను వైన్‌లో ముంచి వేడి చేసేవారనీ, పేరు అలా వచ్చిందనీ చెబుతారు. అలవాటు మాత్రం పేరు కంటే చాలా పాతది. అపీషియస్ పేరుతో మనకు అందిన రోమన్ వంటల పుస్తకం మొదట్లోనే 'కొండిటుమ్ పారడాక్సుమ్' అనే వైన్ తయారీ ఉంది. తేనె, వైన్ కలిపి పొయ్యి మీద పెట్టి, పొంగు రాబోతుంటే చల్లటి వైన్ చిలకరించి అణచి, దించి, మళ్ళీ కాచేవారు. ఆ తర్వాత మిరియాలు, కుంకుమపువ్వు, ఖర్జూరాలు వేసేవారు. ఆ మిరియాలు మన మలబారు తీరం నుంచి ఓడల్లో వెళ్ళినవే. పొంగు రాకుండా చల్లటి వైన్ చిలకరించడాన్ని గుర్తుపెట్టుకోండి. పాలు పొంగబోతుంటే మన ఇళ్ళలో నాలుగు నీటిచుక్కలు చల్లినట్టే ఉంటుంది. థర్మామీటర్ లేని ఆ కాలపు వంటవాడికి కూడా ఎక్కడ ఆపాలో తెలుసు.

డ్రెస్డెన్ సంత పేరు ష్ట్రీట్సెల్‌మార్క్ట్. 1434లో మొదలైంది. ఆ నగరం ఉన్న సాక్సనీ ప్రాంతంలో 1834 నాటి వేడి వైన్ తయారీ పద్ధతి ఒకటి పాత దస్తరాల్లో దొరికింది. దాల్చినచెక్క, అల్లం, సోంపు జాతి గింజలు, జాజికాయ, యాలకులు, కుంకుమపువ్వు... చదువుతుంటే మన పోపులపెట్టె తెరిచినట్టే ఉంటుంది. ఇవాళ సంతలో దొరికే కప్పులో ఇన్ని ఉండవు. ఐరోపా సమాఖ్య 2014లో చేసిన నిబంధన ప్రకారం గ్లూవైన్ అనే పేరు పెట్టుకోవాలంటే అది ఎర్ర వైన్ నుంచో తెల్ల వైన్ నుంచో మాత్రమే తయారవ్వాలి. ముఖ్యమైన వాసన దాల్చినచెక్కది గానీ లవంగాలది గానీ అయ్యుండాలి. నీళ్ళు కలిపి పలచన చేయకూడదు. ఆల్కహాల్ 7 శాతానికి తగ్గకూడదు, 14.5 శాతానికి లోపే ఉండాలి. అంటే చట్టం దృష్టిలోనే ఇది మత్తు ఆవిరైపోయిన కషాయం కాదన్నమాట.

78 అనే అంకె చేసే మోసం

దండెం మీద ఆరేసిన తడి చీరను తలుచుకోండి. ఎండ ఎంత మండినా నీళ్ళు మరిగేంత వేడి ఉండదు, అయినా మధ్యాహ్నానికి చీర ఆరిపోతుంది. నీళ్ళు ఆవిరి కావడానికి మరగనక్కరలేదు. ఏ వేడిలోనైనా కొన్ని అణువులు ఎగిరిపోతూనే ఉంటాయి, వేడి పెరిగితే ఇంకాస్త తొందరగా పోతాయి, అంతే. ఆల్కహాల్ కూడా అంతే. 77 దాకా తలుపులు మూసుకుని కూర్చుని, 78 రాగానే గుంపుగా బయటికి ఉరకదు.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. ఆ 78 అనే అంకె శుద్ధమైన ఆల్కహాల్‌కి చెందినది. వైన్‌లో ఆల్కహాల్ పదో వంతు, మహా అయితే ఏడో వంతు. మిగిలినదంతా దాదాపు నీరే. ఆల్కహాల్ అణువులు, నీటి అణువులు పూర్తిగా కలిసిపోయి ఉంటాయి. అందులో ఆల్కహాల్ కొద్దిగానే ఉంది గనక దాని ఆవిరి 78 దగ్గర మొత్తం ద్రవాన్ని మరిగించలేదు. అందుకే వైన్ మొత్తం కలిసి ఒకే ద్రవంలా సుమారు 92 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆల్కహాల్‌కి ఒక మరుగు, నీటికి ఒక మరుగు అంటూ ఉండవు.

కిక్కిరిసిన పల్లెవెలుగు బస్సును ఊహించుకోండి. ఫుట్‌బోర్డు దగ్గర కొద్దిమంది కుర్రాళ్ళు, లోపల గంపలతో, మూటలతో బోలెడంత జనం. ప్రతి స్టాపులో కుర్రాళ్ళు చటుక్కున దూకేస్తారు. కానీ వాళ్ళతోపాటు గంపలవాళ్ళు కూడా దిగుతుంటారు. మొదటి స్టాపుల్లో దిగినవాళ్ళలో కుర్రాళ్ళ పాలు ఎక్కువ. నాలుగైదు స్టాపులు గడిచేసరికి మిగిలిన ఇద్దరు ముగ్గురు లోపల మూటల మధ్య ఇరుక్కుపోతారు, వాళ్ళు దిగాలంటే సగం బస్సు ఖాళీ కావాలి. గిన్నెలో ఆల్కహాల్ సంగతీ ఇంతే. మొదట జోరుగా పోతుంది, పోయేకొద్దీ మిగిలింది మొండికేస్తుంది.

దీనికి రుజువు మన ఊళ్ళలోనే ఉంది. నాటుసారా కాచేవాళ్ళు పులిసిన బెల్లపు ఊటను కుండలో మరిగించి, పైకొచ్చిన ఆవిరిని చల్లబరిచి పట్టుకుంటారు. ఆల్కహాల్ అంతా 78 దగ్గరే విడిగా వచ్చేసేదైతే మొదటి కాపులోనే శుద్ధమైన స్పిరిట్ కారాలి. ఎప్పుడూ అలా కారదు. పది శాతం ఆల్కహాల్ ఉన్న ద్రవం మరుగుతుంటే మొదట వచ్చే ఆవిరిని చల్లార్చి చూస్తే అందులో ఆల్కహాల్ సుమారు సగం ఉంటుంది. మిగతా సగం నీరే.

ఇక గిన్నెలో ఎంత మిగులుతుంది? వంటల్లో పోసిన ఆల్కహాల్ గురించి అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ఒకటుంది. మరుగుతున్న ద్రవంలో పోసి వెంటనే దించేస్తే 85 శాతం ఉండిపోతుంది. 15 నిమిషాలు సన్నగా ఉడికిస్తే 40 శాతం, గంట ఉడికిస్తే 25 శాతం, రెండున్నర గంటలు ఉడికినా 5 శాతం మిగిలే ఉంటాయి. అది ఉడుకుతున్న వంటకం లెక్క. గ్లూవైన్‌ని మరగనివ్వరు, 70, 75 డిగ్రీల దగ్గర మూతపెట్టి ఉంచుతారు. కాబట్టి పోయేది ఇంకా తక్కువ.

మా అక్కకు నేను చెప్పిన జవాబు ఒక్క ముక్క. "పోదక్కా, దాదాపు అంతా ఉంటుంది."

తాలింపులో నేర్చుకున్న పాఠం

ఆల్కహాల్ ఉంటుంది సరే, మరి ఎందుకు మరిగించకూడదు? అది తెలియాలంటే దాల్చినచెక్క దగ్గరికి వెళ్ళాలి.

మసాలా దినుసుల పరిమళమంతా నూనెల్లో ఉంటుంది. వంటనూనెలా బరువుగా పడి ఉండే నూనెలు కావవి, ఎగిరిపోయే నూనెలు. దాల్చినచెక్కలో సిన్నమాల్డిహైడ్, లవంగంలో యూజినాల్, నారింజ తొక్కలో లిమోనీన్, అనాసపువ్వులో అనెథోల్. పేర్లతో మనకు పనిలేదు. వీటన్నిటికీ ఉన్న ఒకే గుణం తెలిస్తే చాలు, నీళ్ళంటే గిట్టదు. మన అమ్మమ్మలకు ఇది తెలుసు కనకనే తాలింపు నూనెలోనో నేతిలోనో వేస్తారు, నీళ్ళలో వేయరు. ఆల్కహాల్ ఈ విషయంలో మధ్యవర్తి. దాని అణువుకి ఒక కొస నీటితో చెలిమి చేస్తుంది, రెండో కొస నూనెతో. వైన్‌లో ఉన్న ఆ పదో వంతు ఆల్కహాల్ వల్లే మసాలా వాసన ఉత్త నీళ్ళలో కంటే తేలిగ్గా దిగుతుంది.

కానీ ఎగిరిపోయే నూనెలు కదా, గిన్నె తెర్లుతుంటే అవి ఆవిరితోపాటు లేచిపోతాయి. ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది, గిన్నెలో పసలేనిది మిగులుతుంది. పైగా అంత వేడికి లవంగం లోపలి చేదు, చెక్కలోని వగరు బయటికొస్తాయి. వాసనగలవి పోతాయి, చేదుగలవి వస్తాయి. మరిగించినందుకు దక్కే ఫలితం ఇది.

నా మేనకోడలికి ఇది అనుభవంలోకి వచ్చింది. హాస్టల్ వంటగదిలో మొదటిసారి తనే చేసుకుందామని, మన జలుబు కషాయం కాచినట్టు ఇరవై నిమిషాలు తెర్లించింది. పది లవంగాలు, నారింజపండు తొక్కతో సహా నాలుగు చెక్కలు. వడగట్టి నోట్లో పోసుకుంటే లవంగనూనె పూసిన పన్ను గుర్తొచ్చిందట. అది ఉత్త పోలిక కాదు. పంటినొప్పికి లవంగం పెట్టుకుంటే తిమ్మిరెక్కించేది యూజినాలే, నాలుకకూ అదే పని చేసింది.

నారింజ దగ్గర ఇంకో కిటుకు ఉంది. తొక్క పైనున్న రంగు పొరలో సూదిమొనంత సంచులుంటాయి, పరిమళం వాటిలోనే ఉంది. దాని కిందున్న తెల్లటి బెండు లాంటిది ఉత్త చేదు. ఒక చిన్న పని చేసి చూడండి. నారింజ తొక్క ముక్కను కొవ్వొత్తి మంట పక్కన పెట్టి, రంగు వైపు మంటకు ఉండేలా గట్టిగా మడవండి. చిటపటమని చిన్న చిన్న మెరుపులు వస్తాయి. ఆ సంచుల్లోంచి చిమ్మిన లిమోనీన్ మండడమే అది. తెల్ల వైపు పిండితే ఏమీ రాదు. కాబట్టి తొక్కను పలచగా, రంగు పొర మాత్రమే వచ్చేలా చెక్కుకోవాలి.

చలి తగ్గిందా, తగ్గినట్టు అనిపించిందా

సున్నా డిగ్రీల చలిలో ఒక గుక్క దిగగానే ఛాతీలో దీపం పెట్టినట్టుంటుంది. ఆ వెచ్చదనంలో మూడు వేరు వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి.

మొదటిది అసలైన వేడి. కప్పులో 200 మిల్లీలీటర్లు, 60 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. అది మన ఒంటికి చేర్చే వేడి 5 కిలోకేలరీలకు లోపే. 60 కిలోల మనిషి ఒంటిని ఒక్క డిగ్రీ వేడెక్కించాలంటే సుమారు 50 కిలోకేలరీలు కావాలి. అంటే కప్పంతా తాగితే పెరిగేది డిగ్రీలో పదో వంతు. ఊరికే కూర్చున్నా మన ఒళ్ళు నాలుగైదు నిమిషాల్లో అంత వేడిని తనే పుట్టిస్తుంది.

రెండోది మంట. నోట్లో, గొంతులో వేడిని పసిగట్టే కాపలాదారులు ఉంటారు. సుమారు 43 డిగ్రీలు దాటితే "కాలుతోంది" అని మెదడుకు కబురు పంపడం వాళ్ళ పని. మిరపకాయ వేడి లేకుండానే వాళ్ళను లేపుతుంది. ఆల్కహాల్ ఇంకోలా చేస్తుంది, వాళ్ళు లేచే గీతనే 34 డిగ్రీల దాకా కిందికి దింపేస్తుంది. మన ఒంటి వేడి 37 కదా, ఒంటి సొంత వేడే వాళ్ళకు మంటలా తోస్తుంది. గాయం మీద స్పిరిట్ పెడితే భగ్గుమనేదీ ఇందుకే. వేడి వైన్‌లో అసలు వేడి, ఆల్కహాల్ రెండూ ఒకేసారి తగులుతాయి కాబట్టి గొంతు దిగేదాకా దారంతా తెలుస్తుంది.

మూడోదాని దగ్గరే జాగ్రత్త పడాలి. చలిలో మన ఒళ్ళు చర్మం కింద రక్తనాళాలను బిగిస్తుంది, వేడి బయటికి పోకుండా కిటికీలు మూసుకున్నట్టు. ఆల్కహాల్ ఆ కిటికీలు తెరుస్తుంది. వెచ్చటి రక్తం చర్మంలోకి పరుగెత్తుతుంది, చెంపలు ఎర్రబడతాయి. చలినీ వేడినీ మనకు తెలిపే నరాలు ఎక్కువగా ఉన్నది చర్మంలోనే గనక "హమ్మయ్య, వెచ్చగా ఉంది" అంటాయి. కుంపటి ఉన్న గదికి కిటికీలన్నీ తెరిస్తే కిటికీ దగ్గర నిలబడ్డవాడికి వెచ్చగాలి తగులుతుంది. గది మాత్రం చల్లబడుతుంది. ఒంటి లోపల జరిగేదీ అదే. పైగా ఆల్కహాల్ వణుకును తగ్గిస్తుంది. వణుకు అంటే కండరాలు వేడి పుట్టించడం, అదీ తగ్గితే నష్టం రెండింతలు. అందుకే రెండు కప్పులు తాగి, వెచ్చగా ఉందని టోపీ, చేతి తొడుగులు తీసేసి, ట్రామ్ కోసం అరగంట బయట నిలబడడం చాలా ప్రమాదం. జర్మనీ చలి మన మాఘమాసపు చలి కాదు. వెచ్చగా అనిపించినప్పుడే కోటు గుండీలు పెట్టుకోమని పిల్లకు గట్టిగా చెప్పాను.

కప్పు చేతికొచ్చాక

ఇంట్లో చేసుకునేవాళ్ళు ముందు సరైన వైన్ ఎంచుకోవాలి. ఖరీదైనది దండగ, దాని సున్నితమైన వాసనలు వేడికి నిలవవు. ఓక్ పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచినదైతే వగరు పెరిగి నాలుక పిడచగడుతుంది. అలాగని చెడిపోయినది పనికిరాదు, వేడి చేస్తే పులుపు ఘాటు ముక్కుకు ముందే కొడుతుంది. లేతగా, పండు రుచితో, తీపి లేకుండా ఉన్న ఎర్ర వైన్ మంచిది. జర్మన్లు చాలామంది డోర్న్‌ఫెల్డర్ వాడతారు. 1955లో వైన్స్‌బెర్గ్‌లో ఆగస్ట్ హెరోల్డ్ అనే శాస్త్రజ్ఞుడు పుట్టించిన ద్రాక్ష రకం అది, చిక్కటి రంగు దాని సొత్తు.

ఒక సీసా వైన్, అంటే 750 మిల్లీలీటర్లకు వేలెడు దాల్చినచెక్క ఒకటి, నాలుగు లవంగాలు, ఒక అనాసపువ్వు, పలచగా చెక్కిన నారింజ తొక్క, రెండు మూడు చెంచాల పంచదార. మన కొట్లో దొరికే మందపాటి చెక్క ఘాటు ఎక్కువ, సగం చాలు. పొడులు వేయకండి. బిర్యానీలో వేసినట్టు పూర్తి దినుసులే వేస్తే చాలనుకున్నప్పుడు తీసేయచ్చు, పొడిని తీయలేం. మూతపెట్టి సన్నటి సెగ మీద ఉంచాలి. థర్మామీటర్ లేకపోతే గిన్నె అంచునే చూస్తుండండి. అడుగున ఆవగింజలంత బుడగలు అతుక్కుని, పైన సన్నటి పొగ మెలికలు తిరుగుతుంటే చాలు. ఒక్క బుడగ పైకొచ్చి పగిలిందంటే సెగ తగ్గించాల్సిందే. పది నిమిషాలకు దించి, మూత తీయకుండా అరగంట వదిలేసి, వడగట్టి, తాగే ముందు మళ్ళీ కాస్త వెచ్చబెట్టాలి. మేనకోడలు రెండోసారి ఇలాగే చేసింది. పక్క గదుల పిల్లలు కప్పులతో వచ్చి నిలబడ్డారట.

సంతలో కొనుక్కుంటే ఏది మంచిదో ఎలా తెలుస్తుంది? ద్రాక్ష పండించిన రైతే తన వైన్‌తో చేసి అమ్మేది 'విన్‌ట్సర్ గ్లూవైన్'. అది కనిపిస్తే వదలొద్దు. పొద్దుట్నుంచి అదే గుండిగలో కాగుతున్నది మాడిన పంచదార వాసన వేస్తుంది. పంచదార అతిగా కాగితే పుట్టే ఒక పదార్థాన్ని కొలిచి, ఏ వైన్ ఎక్కువ కాగిందో జర్మన్ ప్రయోగశాలలు పట్టుకుంటాయి. మనకు ముక్కు చాలు.

కప్పుకు కొన్ని యూరోలు డిపాజిట్ కట్టించుకుంటారు, తిరిగిచ్చేస్తే ఇచ్చేస్తారు. ఏటా కొత్త బొమ్మ వేస్తారు గనక చాలామంది డిపాజిట్ వదులుకుని కప్పు ఇంటికి తెచ్చుకుంటారు. మందపాటి పింగాణీ కప్పు, ముందు రెండు చేతులతో పట్టుకుని వేళ్ళు కాచుకోండి. ఆవిరి నేరుగా పీల్చొద్దు, మొదటి ఆవిరిలో ఆల్కహాల్ ఘాటు ముక్కు పుటాలు అదరగొట్టి దగ్గు తెప్పిస్తుంది. తొందరా వద్దు. 65 డిగ్రీలు దాటిన పానీయాలు ఏళ్ళ తరబడి తాగితే అన్నవాహిక క్యాన్సర్ ముప్పు ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లో చెప్పింది. టీకీ అదే వర్తిస్తుంది. కాస్త చల్లారితేనే నారింజ ఒకటి, చెక్క ఒకటి, పండు ఒకటి విడివిడిగా తెలుస్తాయి. పక్కనే వేయించిన బాదం పలుకులు, కాల్చిన సాసేజ్, డ్రెస్డెన్‌లోనైతే ఎండుద్రాక్షలు కూరిన ష్టోలెన్ రొట్టె ఉంటాయి. ఏదో ఒకటి ముందే తినాలి. కడుపులో తిండి ఉంటే ఆల్కహాల్ రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది.

ఎంత చేరుతుందో కూడా చూద్దాం. 200 మిల్లీలీటర్ల కప్పులో 10 శాతం అంటే 20 మిల్లీలీటర్లు, తూకంలో సుమారు 16 గ్రాముల ఆల్కహాల్. మన కాలేయం గంటకు ఏడు నుంచి పది గ్రాములు మాత్రమే వదిలించగలదు. ఒక్క కప్పుకే రెండు గంటల పని. తీపి, మసాలా కలిసి ఇది పళ్ళరసంలా జారిపోతుంది గనక రెండోది అడగడం సులువు, అందుకే ఈ లెక్క ముందే తెలియాలి. జర్మనీలో కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్ళకు, 21 ఏళ్ళ లోపువాళ్ళకు బండి నడిపేటప్పుడు చుక్క కూడా ఉండకూడదు. మన దేశంలో హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, జర్మనీలో మిగతావాళ్ళకున్న హద్దు కంటే ఇది తక్కువ.

అసలు వద్దనుకునేవాళ్ళకు అదే బండి మీద కిండర్‌పున్ష్ ఉంటుంది. పిల్లల కోసం పళ్ళరసంలో మసాలా వేసి కాచేది. మరుసటి డిసెంబరులో కూతురి దగ్గరికి వెళ్ళిన మా అక్క అదే తాగింది. ఆ రాత్రి ఫోను చేసింది.

"తమ్ముడూ, ఇల్లు ఘుమఘుమలాడితే గిన్నెలో తగ్గినట్టేనన్నావు. మరి నానమ్మ కషాయం మూత లేకుండా ఎనిమిదో వంతు మిగిలేదాకా మరిగించేదిరా. అదంతా వృథాయేనా?"

"కాదక్కా. మిరియం ఘాటు ఎగిరిపోయే రకం కాదు, ఎంత మరిగినా గిన్నెలోనే ఉంటుంది. తులసాకులో ఉన్నది మాత్రం లవంగంలో ఉన్నదే, ఆవిరితో లేచిపోతుంది."

కాసేపు ఆలోచించింది. "అయితే తులసి దించాక వేసి మూత పెట్టాలి" అంది.